వినని కబురు

ఆగస్టు 5, మంగళవారం

మా అమ్మాయి నీహారిక పెళ్లికి ఇంకా ఎనిమిది రోజులు. ఇంట్లో కూర్చుందామంటే కుర్చీ ఖాళీ లేదు, అన్నిటి మీదా చీరలే. నాగేంద్రం నన్ను చూసినప్పుడల్లా ఒక కొత్త పని గుర్తు తెచ్చుకుంటోంది. అందుకే కాలేజీకి సెలవు పెట్టలేదు. అక్కడైతే నా మాటకు ఎదురు చెప్పేవాళ్లు ఉండరు.

సెకండియర్ వాళ్లకు గ్రీకు విషాద నాటకం మొదలుపెట్టాను. ముప్ఫై ఏళ్లుగా చెబుతున్న పాఠమే. "ఆ మనుషులకు ప్రేమే బలం, ప్రేమే బలహీనత. పరీక్షలో తప్పకుండా వస్తుంది, రాసుకోండి" అన్నాను. రాసుకున్నారు. భానుశ్రీ అనే అమ్మాయి మాత్రం లేచి, "బలమెప్పుడో బలహీనతెప్పుడో వాళ్లకి ముందే ఎలా తెలుస్తుంది సార్?" అంది. తెలియకపోవడమే విషాదం అన్నాను. నా జవాబు నాకే నచ్చింది. ఇంటికొచ్చేదాకా దాన్నే తలచుకుంటూ నడిచాను.

సాయంత్రం పెనుగొలను నుంచి నా బావమరిది కిరీటి వచ్చాడు. పత్తికి మందు కొట్టి అటు నుంచి అటే వచ్చాడట. నాగేంద్రం తమ్ముడికి అన్నం కలిపి ముద్దలు చేతిలో పెట్టింది. నలభై మూడేళ్లవాడికి! వాళ్లమ్మ పోయేనాటికి వీడికి రెండేళ్లు, దీనికి పదకొండు. అప్పటినుంచి అలా పెడుతూనే ఉంది. నా పెళ్లయి ఇరవై ఎనిమిదేళ్లయింది, నా చేతిలో ఎప్పుడైనా ఒక ముద్ద పెట్టిందా అని అడుగుదామనుకుని ఊరుకున్నాను. అడిగితే నవ్వుతారు.

బుట్ట సంగతి వచ్చింది. మా వైపు పెళ్లికూతుర్ని మేనమామ వెదురుబుట్టలో కూర్చోబెట్టి పీటల దగ్గరికి తెస్తాడు. మగపెళ్లివారేమో బుట్ట వద్దన్నారు. పిల్ల పూలదుప్పటి కింద నడుచుకుంటూ రావాలట, వీడియోలో బాగుంటుందట.

"ఏం బావా, నా నడుం మీద నమ్మకం లేదా మీ వియ్యపురాలికి?" అన్నాడు కిరీటి. నవ్వుతూనే అన్నాడు. కాస్త చిన్నబుచ్చుకున్న మాట నిజమే.

ఆగస్టు 7, గురువారం

క్లాసులో ఉండగా కిరీటి ఫోను. విజయవాడలో ఆసుపత్రిలో ఉన్నాడు. డెంగ్యూ. నిన్న జ్వరం ఎక్కువైతే సౌజన్య కారు మాట్లాడి తీసుకెళ్లిందట. సౌజన్య వాడి భార్య, ధైర్యం గల పిల్ల.

"నాలుగు రోజుల్లో పంపించేస్తామన్నారు బావా. అక్కకి చెప్పబాకు. నాన్నకీ, ఊళ్లోవాళ్లకీ అదే చెప్పా. చెబితే పెళ్లిపనులు గాలికొదిలేసి వచ్చి ఇక్కడ కూర్చుంటది."

కూర్చుంటుంది. నాకు తెలియదా? వాడికి కామెర్లొచ్చినప్పుడు నలభై రోజులు పెనుగొలనులోనే ఉంది. అప్పుడు నీహారికకు ఇంటర్ పరీక్షలు. పొద్దున్నే లేచి పిల్లకు టీ పెట్టింది నేను, జడ వేయడం నేర్చుకున్నది నేను. కాబట్టి చెప్పకపోవడమే మంచిది. వాడే అన్నాడు కదా.

ఆగస్టు 8, శుక్రవారం

వరలక్ష్మీ వ్రతం. పందిరి రాట కూడా ఈరోజే వేశారు. రాట దగ్గర మేనమామ ఉండాలి. తొమ్మిదింటి నుంచి నాగేంద్రం వీధిలోకి చూస్తూనే ఉంది. ఫోను చేస్తే స్విచాఫ్.

"ఏమండీ, వాడికేమైనా అయ్యిందా?" అంది. ఆ గొంతు నాకు తెలుసు. ఇంకో పది నిమిషాలు ఊరుకుంటే తమ్ముడి ఊరికని గంపలగూడెం బస్సెక్కేస్తుంది.

"ఏమీ కాలేదు. అలిగాడు" అన్నాను.

ఎక్కడి నుంచి వచ్చిందో ఆ మాట. వచ్చాక దాన్ని నిలబెట్టాలి కదా. బుట్ట వద్దన్నందుకు మనసు కష్టపెట్టుకున్నాడని, నాతో ఫోన్లో చెప్పాడని, రెండు రోజులు పోతే వాడే వస్తాడని చెప్పాను.

నాగేంద్రం నమ్మలేకపోయింది. "బుట్టకి అలిగాడా? మావాడా?" అని రెండుసార్లు అడిగింది. తర్వాత వాయనాలు ఇవ్వడానికి లోపలికి వెళ్లింది.

జ్వరం అని చెప్పి ఉండవచ్చు. మామూలు జ్వరమే అని చెప్పినా వెళ్లేది. అందుకే ఇలా చెప్పాను. ఇందులో అసూయ ఏమీ లేదు.

ఆగస్టు 9, శనివారం

నేను అనుకోని పని చేసింది. పొద్దున్నే వియ్యపురాలు ప్రేమకుమారి గారికి ఫోను చేసి, "వదిన గారూ, మీ కాళ్లు పట్టుకుంటాననుకోండి, బుట్ట ఒక్కటీ ఉండనివ్వండి. మా తమ్ముడు బాధపడుతున్నాడు" అంది. ఆవిడ మొదట నీళ్లు నమిలింది. నాగేంద్రం వదల్లేదు. చివరకు సరేనంది. బుట్టా ఉంటుంది, దుప్పటీ ఉంటుంది.

నాగేంద్రం నా దగ్గరికి ఎంత సంతోషంగా వచ్చిందో! "వాడి ఫోను కలవట్లేదు. రేపు ఆదివారమేగా, మీరు ఒకసారి వెళ్లి చెప్పి తీసుకురండి. అక్క మాట్లాడింది, బుట్ట నువ్వే మొయ్యాలి అని చెప్పండి."

అప్పుడే చెప్పేయాల్సింది. నోటిదాకా వచ్చింది. నీహారిక గోరింటాకు చేతులతో ఎదురుగా కూర్చుని ఉంది.

ఆగస్టు 10, ఆదివారం

పెనుగొలను వెళుతున్నానని చెప్పి విజయవాడ బస్సెక్కాను. రెండున్నర గంటలు. దారంతా పేపరు చదివాను. ఏం చదివానో చెప్పలేను.

వాడు సగమయ్యాడు. ప్లేట్‌లెట్లు పద్దెనిమిది వేలకు పడిపోయాయి. ఊపిరితిత్తుల్లో నీరు చేరిందట. డాక్టరు కుర్రాడు, "ఈ నలభై ఎనిమిది గంటలు చూడాలండి" అన్నాడు, నా వైపు చూడకుండా.

బుట్టకు వియ్యపురాలిని అక్క ఒప్పించిందని చెబితే కిరీటి నవ్వాడు. "అయితే లేవాల్సిందే బావా. పిల్ల బరువెంతుందో కనుక్కో ముందు."

బయటికొచ్చాక సౌజన్య, "అన్నయ్య గారూ, వదినకి చెబుదామండి. ఈయన రోజూ ఆవిణ్ణే తలుస్తున్నారు" అంది. రెండు రోజులు ఆగమ్మా అన్నాను. ఆమె నాకేసి చూసి లోపలికి వెళ్లిపోయింది. నేను వయసులో పెద్దవాణ్ణి, చదువు చెప్పేవాణ్ణి. నా మాటకు ఆ విలువ ఉంది.

ఇంటికొచ్చాను. నాగేంద్రం గుమ్మంలోనే ఉంది. నా వెనక ఎవరూ లేరని చూసింది.

"రానన్నాడు" అన్నాను.

"బుట్ట సంగతి చెప్పారా?"

"చెప్పాను. అయినా రానన్నాడు."

ఆమె ముఖం చూడలేకపోయాను. ఆమె నెమ్మదిగా అంది: "సరే. నా బిడ్డ పెళ్లికి రానివాడు ఇక నా గడప కూడా తొక్కక్కర్లేదు. ఆ మాట కూడా చెప్పండి వాడికి."

ఏడవలేదు. బెండకాయలు తరగడానికి కూర్చుంది.

ఆగస్టు 11, సోమవారం

చెప్పలేదు. ఎవరికీ ఏమీ చెప్పలేదు.

ఆగస్టు 12, మంగళవారం

పొద్దున నీహారికను పెళ్లికూతుర్ని చేశారు. నలుగు పెడుతుండగా నాగేంద్రం ఫోను మోగింది. కిరీటి. ఆమె చూసి కట్ చేసింది. మళ్లీ మోగింది. మళ్లీ కట్ చేసింది. చేతుల పసుపు ఫోనుకు అంటింది. ఆ ఫోను తీసి పైట చెంగుతో తుడిచి బీరువాలో పెట్టేసింది.

నేను మూడడుగుల దూరంలో ఉన్నాను. నిలబడి చూశాను.

ఆగస్టు 13, బుధవారం

పెళ్లి అయింది. పది యాభై రెండుకు సూత్రం కట్టాడు.

కిరీటి పొద్దున ఐదింటికి పోయాడు.

సాయంత్రం పెనుగొలనులో దహనం. వాళ్లు ఆగలేదు.

ఆగస్టు 14, గురువారం

రాయాలి. రాస్తే కాస్త తెరిపిగా ఉంటుందేమో.

నిన్న పొద్దున ఐదున్నరకు మా మామగారు వెంకటప్పయ్య గారు ఆసుపత్రి నుంచి ఫోను చేశారు. ఎనభై ఏళ్ల మనిషి. ముందు దగ్గు వినిపించింది. "అల్లుడు గారూ, వాడు పోయాడండీ. పెళ్లి ఆపబాకండి. కబురు వింటేనే మైల. మా అమ్మాయి వినలేదు. విననివ్వకండి." అంతే, పెట్టేశారు.

అది మాలో అందరూ పాటించేదే. తోడబుట్టినవాడు పోతే ఆడపిల్లకు మూడు రోజులు మైల. పీటల మీద కూర్చుని కన్యాదానం చేయకూడదు. కానీ వినని కబురుకు మైల అంటదు. విన్న క్షణం నుంచే లెక్క. పెద్దవాళ్లు పెట్టిన వెసులుబాటు. ఎన్ని పెళ్లిళ్లు దానివల్ల గట్టెక్కలేదు! నేను కొత్తగా చేసిందేమీ లేదు. ఆ ముసలాయన కొడుకు శవం పక్కన కూర్చుని మనవరాలి పెళ్లి కాపాడాడు. ఆయనది ప్రేమ కాదా? వాడు అక్కకు చెప్పొద్దన్నది ప్రేమ కాదా? నాది మాత్రం?

పీటల మీద నాగేంద్రం పక్కన కూర్చున్నాను. పురోహితుడు గోత్రం అడిగితే నాకు గుర్తు రాలేదు. ఆమె అందించింది. బుట్ట మోసింది ఎ.కొండూరు నుంచి వచ్చిన, వరసకు మేనమామ అయ్యే ఒకాయన. ఆయనకు కబురు తెలుసు. బుట్ట మోస్తూ ఏడ్చాడు. మేనకోడలంటే ఎంత ప్రేమో అని అందరూ ముచ్చటపడ్డారు, ఫొటోగ్రాఫరు దగ్గరికొచ్చి తీశాడు.

భోజనాల దగ్గర నాగేంద్రం నన్ను పక్కకు పిలిచి, "మా ఊరి నుంచి ఒక్కళ్లూ రాలేదేంటండీ?" అని అడిగింది.

"మీ తమ్ముడి వైపు నిలబడ్డారు" అన్నాను.

ఆ మాట అన్నది కూడా నేనే. ఒక అబద్ధానికి ఇంకొకటి కావలసి వచ్చింది, చేతికి అందింది, వాడాను. ఆమె తల ఊపి, వియ్యపురాలి ఆకులో గారె వేయడానికి వెళ్లింది.

రెండున్నరకు అప్పగింతలు. నీహారిక కారు సత్తుపల్లి రోడ్డు ఎక్కింది. ఐదున్నరకు నేను కారు మాట్లాడి నాగేంద్రాన్ని ఎక్కించాను. పెళ్లిచీరతోనే ఉంది. కిరీటికి ఒంట్లో బాగాలేదట అన్నాను. "అదీ సంగతి" అంది. ఎంత తేలికపడిందో ఆ ముఖం! "చూశారా, అలగడం వాడి వల్ల కాదు. వెధవ, ఒంట్లో బాగాలేదని చెప్పొచ్చుగా నాకు." దారిలో కారాపించి బత్తాయిలు కొంది.

మేం వెళ్లేసరికి చేను గట్టు మీద పొగ వస్తోంది. మనుషులు స్నానాలకు పోతున్నారు.

ఆ నాటకాల్లో చావు వేదిక మీద జరగదు. ఎక్కడో జరుగుతుంది, ఎవడో ఒకడు పరుగున వచ్చి చెబుతాడు. ముప్ఫై ఏళ్లు ఆ సంగతి పిల్లలకు చెప్పాను. మా ఇంట్లో ఆ వచ్చి చెప్పేవాణ్ణి నేనే. నేను పరుగున రాలేదు.

వాళ్లు ఆగలేకపోయారు. వారం రోజుల జ్వరం, ఆగస్టు ఎండ. ఆగడం కష్టమే.

ఆగస్టు 15, శుక్రవారం

చిన్నకర్మ. నాగేంద్రం నాతో మాట్లాడలేదు. ఎవరితోనూ మాట్లాడలేదు. సౌజన్య ఆమె ఒళ్లో తల పెట్టుకుని పడుకుంది. నేను వసారాలో కూర్చున్నాను. మంచినీళ్లు ఇచ్చారు.

ఆగస్టు 17, ఆదివారం

నాగేంద్రం నిన్న తిరిగి వచ్చింది. ఈరోజు నీహారిక, అల్లుడు వంశీకృష్ణ వచ్చారు. పిల్లకు మొన్ననే చెప్పారు. వచ్చీరాగానే వాళ్లమ్మను పట్టుకుని ఏడ్చింది. నాగేంద్రం దాని వీపు నిమురుతూ, కొత్త పెళ్లికూతురు ఏడవకూడదంది. అల్లుడికి కోడికూర చేసింది, కొసరి కొసరి వడ్డించింది. పొలం పనులు ఎందాకా వచ్చాయని, ఉద్యోగం ఎలా ఉందని అడిగింది. నాకు కూడా వడ్డించింది.

మధ్యాహ్నం నీహారిక నా గదిలోకి వచ్చింది.

"నాన్నా, మావయ్య నిజంగానే అలిగాడా?"

"ఇప్పుడదంతా ఎందుకమ్మా."

"మావయ్య అలగడం నేనెప్పుడూ చూడలేదు. అందుకని అడుగుతున్నా. నా బుట్ట కోసం అలిగి, అమ్మతో మాట్లాడకుండా పోయాడంటే..."

"నీ వల్ల కాదు" అన్నాను.

"మరెవరి వల్ల?"

దానికి ఇరవై ఆరేళ్లు. కళ్లు వాళ్లమ్మవి. కాలేజీలో అయితే ఏదో ఒకటి చెప్పేవాణ్ణి. అది కాసేపు నిలబడి వెళ్లిపోయింది. జవాబు తెలిసిపోయినట్టే ఉంది. అల్లుడితో మాత్రం ఏమీ అనలేదు. మన పరువు అది కూడా కాపాడుతోంది, అప్పుడే.

ఆగస్టు 19, మంగళవారం

కాలేజీకి వెళ్లాను. పాఠం చెప్పలేదు. నోట్సు చూసి రాసుకోమన్నాను.

వాళ్లు ఆగలేదని రాశాను. తర్వాత ఆగలేకపోయారని రాశాను. ఈ పుస్తకం ఎవరూ చదవరు. చదివేది నేనే. నాకే నేను అలా రాసుకున్నాను.

ఆగొద్దన్నది నేను.

పదమూడో తారీకు ఒంటిగంటకు మామగారు మళ్లీ ఫోను చేశారు. "పెళ్లయిందిగా. ఆరున్నరకి గాని పొద్దు గూకదు. ఐస్ పెట్టి ఐదింటిదాకా ఆపుతాం. అమ్మాయిని తీసుకురండి, ఒక్కసారి ముఖం చూసుకుంటది" అన్నారు. ఆ మనిషి బతిమాలారు. తన సొంత కూతురి కోసం నన్ను బతిమాలారు.

"వద్దు మామయ్యా. కానిచ్చేయండి" అన్నాను.

అప్పగింతలయ్యాక మూడింటికి బయలుదేరినా మూడున్నరకు అక్కడ ఉండేవాళ్లం. నేను ఐదున్నర దాకా హాల్లో మిగిలిన విస్తళ్లు లెక్కపెట్టిస్తూ తిరిగాను. షామియానావాడితో పోట్లాడాను.

అప్పుడు అనుకున్నదేమిటంటే, ఆ ముఖం చూస్తే నాగేంద్రం తట్టుకోలేదు. ఆమె మీద ప్రేమతోనే అనుకున్నాను. ఇప్పుడు నిజం రాస్తాను. శవం దగ్గర అందరూ మాట్లాడతారు. ఎప్పుడు చేర్చారు, ఎన్ని రోజులున్నాడు, బావగారు వచ్చి చూసి వెళ్లారు కదా అంటారు. ఆ ముఖం ముందు నన్ను నిలబెట్టి అడుగుతుందని భయపడ్డాను. వాడు కాలిపోతే ఆ భయం కాస్త తగ్గుతుందనుకున్నాను. అంతే.

దానికంటే కిందిది కూడా ఒకటి ఉంది. ఎనిమిదో తారీకున "అలిగాడు" అన్నప్పుడు, ఆమె ముఖంలో వాడి మీద మొదటిసారి కోపం కనిపించినప్పుడు, నాకు లోపల కొంచెం బాగుంది. ఎంతసేపు? ఒక్క నిమిషం. ఇరవై ఎనిమిదేళ్లలో ఒక్క నిమిషం.

దాన్ని ప్రేమ అనే అంటారా? భానుశ్రీ అడిగిన ప్రశ్నకు నేను చెప్పిన జవాబు తప్పు. నాకు తెలుస్తూనే ఉంది. ఎనిమిదో తారీకున తెలుసు, పదిన తెలుసు, ఒంటిగంటకు ఫోను పట్టుకున్నప్పుడూ తెలుసు.

ఆగస్టు 20, బుధవారం

ఆమె కాఫీ ఇచ్చింది. తాగాను.

ఆగస్టు 22, శుక్రవారం

రేపు పెద్దకర్మ. మధ్యాహ్నం నాగేంద్రం బట్టలు సర్దుకుంటోంది. నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను. తొమ్మిది రోజుల తర్వాత మొదటిసారి తనంతట తాను మాట్లాడింది.

"ఆగొద్దన్నది మీరేనట. నాన్న చెప్పాడు."

"అవును."

"పోన్లెండి." చీర మడత సరిచేసింది. "నేను ఫోను కట్ చేశాను కదా ఆ రోజు. తర్వాత మీకు చేశాడా?"

చేశాడు. ఆ సంగతి ఇందులో కూడా రాయలేదు నేను. పెరట్లో అరటిచెట్ల దగ్గర నిలబడి మాట్లాడాను. ఊపిరి అందక వాడు మాట మాటకూ ఆగుతున్నాడు.

"చేశాడు" అన్నాను.

"ఏమన్నాడు?"

మూడు జవాబులు తయారుగా వచ్చాయి. పిల్లను దీవించాడని, నిన్ను తలిచాడని, లైను సరిగ్గా వినపడలేదని. మూడూ మంచివే, మూడూ ఆమెకు ఊరటే. మూడూ ఆమె నమ్మేది. నోరు తెరిచి వాటిలో ఒకటి అందుకోబోయి ఆగాను. ఎన్నేళ్లుగా ఇలా ఆమెకు ఏది మంచిదో నేనే ఏరి పెడుతున్నాను?

"'అక్క ఫోను ఎత్తట్లేదు బావా, నా మీద కోపం వచ్చిందా' అని అడిగాడు."

నాగేంద్రం మంచం మీద కూర్చుంది. చేతిలో చీర అలాగే ఉంది. "మీరేమన్నారు?" అంది.

"'నీ మీద దానికి కోపమేంట్రా. నలుగు పెడుతోంది, పసుపు చేతులు. అందుకే ఎత్తలేకపోయింది' అన్నాను."

"నమ్మాడా?"

"'అదే అనుకున్నా' అన్నాడు. ఫోను పెట్టేశాడు." అక్కడితో ఆపలేదు నేను. "అదీ అబద్ధమే, నాగేంద్రం. నీకు కోపం ఉంది, ఆ కోపం నేనే పెట్టాను. చచ్చేవాడితో కూడా అబద్ధమే చెప్పాను."

ఆమె నాకేసి చూసింది. ఇన్ని రోజుల్లో చూడని చూపు.

"అది అబద్ధం కాదండి" అంది. "మీరు చెప్పినవాటిల్లో నిజం అదొక్కటే."

అప్పుడు ఏడ్చింది. పెళ్లి నుంచి ఇప్పటిదాకా నా ముందు ఏడవలేదు. నేను దగ్గరికి వెళ్లబోతే చెయ్యి అడ్డం పెట్టింది. గుమ్మం దగ్గరే ఉండిపోయాను. కాసేపటికి ముఖం కడుక్కొచ్చి, సంచి జిప్పు వేసింది.

"రేపు మీరు రావద్దు. అక్కడ అందరూ అడుగుతారు, ఎందుకు చెప్పలేదని. మీరు పక్కన ఉంటే మిమ్మల్ని కాపాడటానికి నేను ఏదో ఒకటి చెబుతాను. నాకు తెలుసు, చెబుతాను. మా తమ్ముడి కర్మ దగ్గర నా చేత ఆ పని చేయించకండి."

సంచి నేనే మోసుకుంటూ బస్టాండు దాకా వెళ్లాను. నాలుగింటి గంపలగూడెం బస్సు ఖాళీగా ఉంది. ఎక్కించి, సంచి లోపల పెట్టి, దిగి ఇంటికి వచ్చాను.